పక్షికి రెండు మార్కులు చాలవు

ఉమ్మడి నల్లగొండ, మహబూబ్‌నగర్ జిల్లాల భాషోపాధ్యాయులకు, శాఖా గ్రంథాలయాల నిర్వాహకులకు బహిరంగ లేఖ

గౌరవనీయులైన ఉపాధ్యాయులకు, గ్రంథాలయ మిత్రులకు నమస్కారం.

పిల్లలు ఒక కథ చదువుతుంటే అందులోని పక్షినీ రొట్టెనూ నిప్పునూ వాళ్ల దగ్గరి నుంచి తీసేసుకుని, వాటి బదులు అర్థాలు రాసిన చీటీలు చేతిలో పెడుతున్నాం. ఆ చీటీల గురించే ఈ లేఖ. ఎవరినీ నొప్పించాలని రాయడం లేదు. మీలో చాలామంది ఎంత ఒత్తిడిలో పనిచేస్తున్నారో తెలుసు. అయినా ఈ విషయంలో ఊరుకోలేకపోతున్నాను.

సుజాన్ కాలిన్స్ 2008లో రాసిన 'ది హంగర్ గేమ్స్' నవల మన రెండు జిల్లాల పిల్లల దాకా కూడా వచ్చింది. కొందరు సినిమా చూసి పుస్తకం వెతుక్కున్నారు. కొన్ని ఇంగ్లీషు మీడియం బడులు సెలవుల్లో చదవమని ఇస్తున్నాయి. సంతోషించవలసిన సంగతే. అయితే పుస్తకంతో పాటు ఒక జవాబుల కాగితం కూడా చేతులు మారుతోంది. మాకింగ్‌జే పక్షి అంటే స్వేచ్ఛ. నిప్పు అంటే తిరుగుబాటు. రొట్టె అంటే ఆశ. తెల్ల గులాబీ అంటే క్రూరమైన అధికారం. పానెం అంటే రోము. ఒక్కో జవాబుకు రెండు మార్కులు. పిల్లలు ఈ జాబితాను ఎక్కాల్లా వల్లె వేస్తున్నారు. పుస్తకం తెరవకుండానే మంచి మార్కులు తెచ్చుకుంటున్నారు.

చదవని వారి కోసం కథ క్లుప్తంగా చెబుతాను. ఉత్తర అమెరికా నాశనమయ్యాక అక్కడ పానెం అనే దేశం ఏర్పడింది. క్యాపిటల్ అనే సంపన్న నగరం దాన్ని ఏలుతుంది. దానికి తిండి, బొగ్గు, బట్ట అందించడానికి పన్నెండు జిల్లాలున్నాయి. ఒకప్పుడు జిల్లాలు తిరగబడి ఓడిపోయాయి. ఆ తప్పుకు శిక్షగా ఏటా ప్రతి జిల్లా 12 నుంచి 18 ఏళ్ల పిల్లల్లోంచి చీటీ తీసి ఒక అమ్మాయినీ ఒక అబ్బాయినీ పంపాలి. ఆ 24 మంది పిల్లలూ ఒకరినొకరు చంపుకుంటే చివరికి ఒక్కరు మిగలాలి. దేశమంతా దాన్ని టీవీలో చూసి తీరాలి. 74వ ఏడు, బొగ్గుగనుల జిల్లాలో పన్నెండేళ్ల ప్రిమ్ పేరు వస్తుంది. చెల్లెలి బదులు తాను వెళ్తానని పదహారేళ్ల కాట్నిస్ ముందుకొస్తుంది.

మా బంధువుల అమ్మాయి తొమ్మిదో తరగతి చదువుతోంది. ఈ నవలలో అధికారానికి ప్రతీక ఏది అని పరీక్షలో అడిగితే, 'ధాన్యం' అని రాసి కారణం కూడా నాలుగు వాక్యాల్లో చెప్పింది. ఎర్ర సిరాతో కొట్టేసి పక్కన 'తెల్ల గులాబీ' అని రాసి ఇచ్చారు. గులాబీ తప్పని నేననను. అధ్యక్షుడు స్నో కోటు మీద గులాబీ ఉంటుంది, దాని ఘాటైన వాసన చాటున నెత్తుటి వాసన దాగి ఉంటుంది, నిజమే. కానీ ఆ అమ్మాయి రాసింది గులాబీ కంటే లోతైన మాట. ఎందుకో వివరంగా చెప్పనివ్వండి.

పన్నెండేళ్లు నిండగానే ప్రతి పిల్ల పేరూ ఒకసారి చీటీల్లో చేరుతుంది. పదమూడుకు రెండుసార్లు, అలా పెరుగుతూ పద్దెనిమిదికి ఏడుసార్లు. ఇంతవరకు ధనిక, పేద తేడా లేదు. ఆకలితో ఉన్నవాళ్లకు మాత్రం క్యాపిటల్ ఇంకొక వెసులుబాటు ఇస్తుంది. పేరు ఇంకోసారి రాసిచ్చారా, ఒక మనిషికి ఏడాదికి సరిపడా కొద్దిపాటి ధాన్యమూ నూనే ఇస్తారు. దాన్ని టెసెరా అంటారు. ఇంట్లో ఎంతమంది ఉంటే అన్నిసార్లు తీసుకోవచ్చు. ఒకసారి చేరిన చీటీ మళ్లీ బయటికి రాదు, ఏటా పోగవుతుంది. తండ్రి గనిలో చనిపోయాక కాట్నిస్ తనకూ తల్లికీ చెల్లికీ ధాన్యం తీసుకుంది. పన్నెండో ఏట నాలుగు చీటీలు, పదహారో ఏటికి ఇరవై. ఆమె స్నేహితుడు గేల్ మీద పెద్ద కుటుంబం ఉంది. పద్దెనిమిదేళ్లకు అతని పేరు నలభై రెండుసార్లు ఉంటుంది. అందులో ఏడు వయసు కోసం, ముప్పై అయిదు తిండి కోసం. మేయరు గారి కూతురు మాడ్జ్‌కు అయిదే. చీటీ తీసే చెయ్యి అందరికీ ఒకటే, అదృష్టం అందరికీ సమానమేనని ప్రభుత్వం చెబుతుంది. లెక్క వేసి చూస్తే అసలు సంగతి బయటపడుతుంది.

ఈ లెక్కను దేవరకొండ శాఖా గ్రంథాలయం వరండాలో పిల్లలతో నల్లబల్ల మీద వేయించాను. ఆదివారాలు అక్కడ కొందరం కలిసి చదువుతుంటాం. ముప్పై అయిదు అంకె రాగానే వెనక కూర్చున్న ఒక అబ్బాయి, "ఇది మేస్త్రీ ఇచ్చే అడ్వాన్సే కదా!" అన్నాడు. ఎవరూ అతనికి ఏమీ వివరించలేదు. పాలమూరు నుంచి, మా దేవరకొండ ప్రాంతం నుంచి మట్టి పనికీ ఆనకట్టల పనికీ దేశం నలుమూలలకూ వలస వెళ్లిన కుటుంబాల పిల్లలు వీళ్లు. ముందు డబ్బు తీసుకుని, ఆ డబ్బు తీరేదాకా ఎక్కడికి తీసుకెళ్తే అక్కడికి వెళ్లి, ఎంతసేపు చెయ్యమంటే అంతసేపు చేసి, చివరికి లెక్క చూస్తే ఇంకా బాకీ ఉన్నట్టు తేలడం వాళ్ల ఇళ్లలో విన్నదే. ఆకలి తీరుస్తున్నట్టు కనిపిస్తూనే మనిషిని కట్టిపడేసే ధాన్యం ఎలాంటిదో ఆ అబ్బాయికి ఒక్క క్షణంలో తెలిసిపోయింది. మా అమ్మాయి పరీక్షలో రాసిందీ ఇదే. ఆ మాట ఏ గైడులోనూ దొరకదు కాబట్టి దానికి సున్నా.

ఇక్కడ రోము చరిత్ర కూడా అక్కరకొస్తుంది. ప్రాచీన రోములో సర్కారు పంచే ధాన్యం తీసుకోవడానికి పేదలకు ఇచ్చే బిళ్లను టెసెరా అనే పిలిచేవారు. కాలిన్స్ ఆ పేరును ఊరికే వాడుకోలేదు. రేషను ఇచ్చే చేతిలోనే ఉరితాడు కూడా ఉన్న వ్యవస్థను చూపించడానికి తెచ్చుకున్నారు. గురువులారా, ప్రస్తావన అంటే ఇదీ. పాత పేరు ఒకటి కొత్త కథలోకి వస్తూ వస్తూ తన పాత బరువును కూడా మోసుకొస్తుంది. ఆ బరువు ఎంతో పిల్లలు తూచి చూడాలి. 'రోము' అని రాస్తే ఆ పని జరగదు.

పానెం అనే పేరు సంగతీ అంతే. క్రీస్తు తర్వాత మొదటి శతాబ్దం చివర, రెండో శతాబ్దం మొదట్లో జీవించిన రోమన్ కవి జువెనల్ తన పదో వ్యంగ్య కావ్యంలో వాపోయాడు. ఒకప్పుడు సేనలనూ పదవులనూ తన ఓటుతో ఇచ్చిన ప్రజ ఇప్పుడు రెండింటి కోసమే ఎదురుచూస్తోందట, రొట్టె కోసం, వినోదాల కోసం. అక్కడి రొట్టె అనే లాటిన్ మాటే ఈ దేశం పేరు. నవలా త్రయం మూడో పుస్తకంలో ప్లూటార్క్ అనే పాత్ర ఈ సంగతి కాట్నిస్‌కు విప్పి చెబుతుంది కూడా. కాబట్టి ఇందులో రహస్యమేమీ లేదు, పట్టుకున్నవాడికి బహుమతి ఇవ్వవలసిన అవసరమూ లేదు. పిల్లల్ని అడగవలసింది ఆ తర్వాతి ప్రశ్న. రొట్టె తినేది ఎవరు, దాన్ని పండించేది ఎవరు? వినోదం చూసేది ఎవరు, ఆ వినోదం కోసం చచ్చేది ఎవరు? జువెనల్ తిట్టింది తిని కూర్చుని చూసే జనాన్ని. కాలిన్స్ ఆ జనాన్ని క్యాపిటల్‌లో ఉంచి, మన కళ్లను మాత్రం అవతలి ఒడ్డున, రొట్టె కోసం పిల్లలను ఇచ్చుకునే ఇళ్లలో ఉంచారు. పాత మాటను తీసుకుని దాని దృష్టినే తిప్పేశారు. ఒక పీరియడంతా మాట్లాడుకోవలసిన సంగతి ఇది.

ఈ కథకు మూలం గ్రీకు పురాణంలోని థీసియస్ కథ అని రచయిత్రే చెప్పారు. క్రీట్ రాజు మినోస్ కొడుకు చావుకు శిక్షగా ఏథెన్స్ నగరం ఏడుగురు యువకులనూ ఏడుగురు యువతులనూ పంపేది. చిక్కుదారుల కోటలో ఎద్దు తల రాక్షసుడు మినోటార్ వాళ్లను తినేవాడు. రాకుమారుడు థీసియస్ తానే బలిగా వెళ్లి వాణ్ణి చంపాడు. ఒక రాత్రి టీవీలో చానళ్లు మారుస్తుంటే ఒక దాంట్లో రియాలిటీ షో, ఇంకో దాంట్లో యుద్ధ దృశ్యాలు వచ్చాయనీ, రెండూ తన మనసులో కలగలిసిపోయాయనీ కూడా ఆమె చెప్పారు.

ఇది మన పిల్లలకు దూరమైన కథ అని ఒక మాస్టారు నాతో అన్నారు. థీసియస్ ఎవరో తెలియనివాళ్లకు ఈ ప్రస్తావనలెందుకు, నేరుగా జవాబు ఇచ్చేస్తే పోలేదా అని ఆయన అభిప్రాయం. నేను ఒప్పుకోలేను. ఏకచక్రపురం కథ తెలియని పిల్ల మన జిల్లాల్లో ఉందా? తాతలు చెప్పారు, బడిలో విన్నారు, టీవీలో చూశారు. బండెడు అన్నం, రెండు దున్నపోతులు, వాటిని తోలుకెళ్లిన మనిషి, ఇది బకాసురుడి ఆహారం. ఇంటికో వంతు. లక్క ఇంటి నుంచి బయటపడిన పాండవులు మారువేషాల్లో తలదాచుకున్న బ్రాహ్మణుడి ఇంటికి ఆ వంతు వచ్చింది.

ఆ ఘట్టాన్ని ఆదిపర్వంలో ఒక్కసారి మళ్లీ చూడండి. తండ్రి తాను వెళ్తానంటాడు. తల్లి తాను వెళ్తానంటుంది. కూతురు నన్ను పంపండి అంటుంది. ముగ్గురూ ఏడుస్తుంటే, ఇంకా మాటలు సరిగా రాని చిన్న పిల్లవాడు గడ్డిపరక ఒకటి పట్టుకుని, దీంతో రాక్షసుణ్ణి చంపేస్తాను అంటాడు. అంత దుఃఖంలోనూ వాళ్ల ముఖాల మీద నవ్వు మెరుస్తుంది. అప్పుడు కుంతి లోపలికి వచ్చి, మీ బదులు నా కొడుకును పంపుతాను అంటుంది. చీటీ వచ్చిన ఇల్లు, ఒకరికి బదులు ఒకరు నిలబడటం, చేతగాని ఆయుధం పట్టుకున్న చిన్న పిల్ల, అన్నీ ఇక్కడ ఉన్నాయి. ప్రిమ్ పేరు పిలిచిన సన్నివేశాన్ని ఈ ఘట్టం పక్కన పెట్టి చదివించండి. గ్రీకు కథ తెలియకపోయినా, బలి వంతు వచ్చిన ఇంట్లో ఏం జరుగుతుందో పిల్లలకు తెలుస్తుంది.

అందులోనే ఇంకొక సంగతి ఉంది, పెద్దలం కూడా దాటేస్తుంటాం. బకుడు ఊరికే తినిపోయే రాక్షసుడు కాడు. ఆ ఊరికీ ఆ సీమకూ కాపలా అతనే, అతని వల్లే మాకు పరరాజుల భయం లేదు అని బ్రాహ్మణుడే కుంతికి చెబుతాడు. దేశానికి రాజు ఉన్నాడు గానీ ప్రజలను కాపాడటం చేతకాని వాడు. కాబట్టి రక్షణకు కూలిగా మనిషిని ఇచ్చుకుంటున్నారు. క్యాపిటల్ కూడా ఈ మాటే చెబుతుంది. మీకు శాంతి ఇచ్చింది మేమే, మేము లేకపోతే మళ్లీ ఆ చీకటి రోజులే వస్తాయి అంటుంది. ఏటా చీటీలు తీసే రోజున మేయరు ఆ చరిత్రనే చదివి వినిపిస్తాడు. బలి తీసుకునేవాడే రక్షకుడిగా నిలబడిపోవడం ఎలా జరుగుతుందో ఈ రెండు కథలు కలిపి చదివిన పదమూడేళ్ల పిల్ల మనకంటే బాగా చెప్పగలదు.

అయితే ఒక జాగ్రత్త తీసుకోండి. రచయిత్రి బకాసురుణ్ణి మనసులో పెట్టుకుని రాశారని మాత్రం పిల్లలకు చెప్పవద్దు. ఆమె చెప్పింది థీసియస్ గురించే. రచయిత పెట్టినది వేరు, పాఠకుడు తన ఇంటి నుంచి తెచ్చుకున్నది వేరు. రెండూ విలువైనవే, వాటిని కలిపేయకూడదు. కాట్నిస్ అడవిలో బోలు దుంగలో విల్లు దాచుకుంటుందని చదవగానే మా పిల్లల్లో ఒకరు జమ్మిచెట్టు అని అరిచారు. ఆయుధాలు చెట్టు మీద దాచి అజ్ఞాతంలోకి వెళ్లిన పాండవులు, దసరా నాడు మనం పంచుకునే జమ్మి ఆకు ఆ పాపకు గుర్తొచ్చాయి. అది చాలా మంచి పోలిక. కానీ అది ఆ పాపది, కాలిన్స్‌ది కాదు. ఈ తేడా చెప్పడమే మంచి చదువు.

పోలిక ఎక్కడ తెగిపోతుందో కూడా అడగండి, అక్కడే నవల గొప్పతనం కనిపిస్తుంది. భీముడు బకుణ్ణి చంపితే ఊరి పీడ వదిలింది. మినోటార్ చచ్చాక ఏథెన్స్ పిల్లలు ఇళ్లకు చేరారు. కాట్నిస్ వెళ్లిన బరిలో మాత్రం చంపవలసిన రాక్షసుడు లేడు. ఎదురుగా ఉన్నది తనలాంటి పిల్లలే. అసలువాడు దూరంగా మెత్తటి కుర్చీలో కూర్చుని తెర చూస్తున్నాడు. ఈ కథలో బలం ఉన్నవాడు వచ్చి కాపాడటం కుదరదు. అందుకే ఇది పాత కథల మీద ఆధారపడుతూనే కొత్త భయం చెబుతుంది.

ఇప్పుడు పక్షి దగ్గరికి వస్తాను. స్వేచ్ఛ అని రాసి వదిలేసిన పక్షి.

తిరుగుబాటు కాలంలో క్యాపిటల్ శాస్త్రవేత్తలు జాబర్‌జే అనే పక్షులను తయారుచేశారు. మనుషుల సంభాషణను మొత్తం గుర్తుపెట్టుకుని వెళ్లి యజమానులకు వినిపించడం వాటి పని. అంటే అవి గూఢచారులు. జిల్లాల వాళ్లు సంగతి తెలుసుకుని పక్షుల ముందు కావాలని అబద్ధాలు మాట్లాడారు. ఎత్తు పారలేదు. అన్నీ మగవే కాబట్టి వాటంతట అవే అంతరించిపోతాయని వాటిని అడవిలోకి వదిలేశారు. అవి అక్కడి మాకింగ్‌బర్డ్ పిట్టలతో జతకట్టాయి. ఎవరూ ఊహించని కొత్త జాతి పుట్టింది. మాకింగ్‌జేకు మాటలు పలకవు. రాగం మాత్రం వింటే చాలు, ఎత్తుకుని తిరిగి పాడుతుంది. నేరం మోపడానికి పనికొచ్చే శక్తి పోయింది, పాట మిగిలింది. ఏ ప్రభుత్వం తయారుచేసిన ఆయుధమో అదే ప్రభుత్వానికి అవమానంగా ఊరంతా ఎగురుతోంది. దీన్ని 'స్వేచ్ఛ' అనే ఒక్క మాటలో ఎలా ఇరికిస్తాం?

ఇంకొక చోట ఈ పక్షి చేసే పని చూడండి. పదకొండో జిల్లా నుంచి వచ్చిన పన్నెండేళ్ల రూ తోటల్లో పనిచేసే పిల్ల. చెట్ల చిటారు కొమ్మలెక్కి కాయలు కోస్తుంది. పండించిన పంటను నోట్లో పెట్టుకుంటే అక్కడ అందరి ముందూ కొరడా దెబ్బలు. సాయంత్రం పని ముగిసిందని తెలిపే జెండా పైనున్న రూకే ముందు కనిపిస్తుంది. అప్పుడామె నాలుగు స్వరాల చిన్న పాట పాడుతుంది. మాకింగ్‌జేలు దాన్ని అందుకుని తోట అంతటా మోసుకెళ్తాయి. ఇక ఇళ్లకు వెళ్లవచ్చని అందరికీ తెలుస్తుంది. పత్తి చేలలో పొద్దువాలే దాకా నడుం వంచి పత్తి ఏరే అమ్మల పిల్లలు మన తరగతుల్లో కూర్చున్నారు. వాళ్లకు ఈ పేరా గట్టిగా చదివి వినిపించండి. ఆ పక్షి మొట్టమొదట మోసుకొచ్చింది తిరుగుబాటు వార్త కాదు, పని ముగిసిందన్న వార్త. నాకైతే నవల మొత్తంలో ఇంతకన్నా అందమైన చోటు లేదు.

సినిమా మాత్రమే చూసినవారికి ఒక మాట. ఆ పక్షి బొమ్మ ఉన్న పిన్ను సినిమాలో సంతలో దొరుకుతుంది. పుస్తకంలో దాన్ని ఇచ్చేది మేయరు కూతురు మాడ్జ్, అంటే చీటీల్లో అయిదు పేర్లే ఉన్న అమ్మాయి. రెండో పుస్తకంలో తెలుస్తుంది, ఆ పిన్ను మాడ్జ్ తల్లికి కవల సోదరి అయిన ఒక అమ్మాయిదని, ఆమె 50వ ఏటి ఈ చావు క్రీడల్లో చనిపోయిందని. కలవారి ఇంట్లోనూ ఒక చావు దాగి ఉందన్నమాట. సినిమా చూసి జవాబులు రాయించడం ఎందుకు మంచిది కాదో చెప్పడానికి ఈ ఒక్క పిన్ను చాలు.

గుర్తులను చదవడం అంటే ఏమిటో ఈ నవలే ఒక చోట నేర్పుతుంది. బరిలో కాట్నిస్ దాహంతో పడిపోయే స్థితికి వస్తుంది. బయట నుంచి నీళ్లు పంపగలిగినవాడు గురువు హేమిచ్. నీళ్లు పంపమని అడుగుతుంది, రావు. కోపం వస్తుంది, తనను వదిలేశాడేమో అనుకుంటుంది. తర్వాత ఆలోచిస్తుంది. పంపగలిగి ఉండీ పంపడం లేదంటే, నీళ్లకు నేను చాలా దగ్గరలో ఉన్నాననే కదా అర్థం? లేచి నడుస్తుంది, బురద తగులుతుంది, నీళ్లు దొరుకుతాయి. రాని వస్తువు కూడా ఒక సందేశం. దీన్ని ఏ జాబితాలో రాస్తారు?

నల్లగొండ పిల్లలకు నీళ్ల గుర్తులు ఒకరు నేర్పనక్కరలేదు. మర్రిగూడ, మునుగోడు, నాంపల్లి వైపు పెద్దవాళ్లు పళ్ల మీది మరకలు చూసి, వంగిన కాళ్లు చూసి నీళ్లలో ఏముందో చెప్పేవాళ్లు. లీటరు నీటిలో 1.5 మిల్లీగ్రాములు దాటితే ఫ్లోరైడు ప్రమాదమని కాగితాలు చెబుతాయి. ఆ కాగితాలు రాకముందే మనుషుల ఒళ్లు చెప్పింది. పటికా సున్నమూ కలిపి ఫ్లోరైడును తగ్గించే పద్ధతికి దేశమంతటా నల్లగొండ పేరే పెట్టారు. చూసిన గుర్తు నుంచి చూడని కారణానికి వెళ్లడం ఇక్కడివాళ్లకు తరాలుగా వచ్చిన విద్య. ఆ విద్యను సాహిత్యం తరగతిలోకి రానివ్వండి.

రొట్టె, పూలు. ఇవి రెండూ నవలలో పక్కపక్కనే వస్తాయి. రూ చనిపోయినప్పుడు కాట్నిస్ ఆమె ఒంటి నిండా పూలు అలంకరిస్తుంది. చచ్చిన పిల్లను చూపించక తప్పదు కాబట్టి ఆ పూలనూ చూపించక తప్పదు. ఆ తర్వాత పదకొండో జిల్లా వాళ్లు తమ దగ్గర ఉన్న కొద్ది డబ్బూ పోగేసి, నెలవంకలా వంచి గింజలు చల్లిన నల్లటి రొట్టె ఒకటి కాట్నిస్‌కు పంపుతారు. వేరే జిల్లా పిల్లకు ఒక జిల్లా బహుమతి పంపడం అంతకుముందు లేదు. ప్రతి జిల్లా రొట్టెకూ ఒక రూపం, ఒక రుచి. చేపలు పట్టే నాలుగో జిల్లా రొట్టె చేప ఆకారంలో సముద్రపు పాచితో పచ్చగా ఉంటుంది. రొట్టెను చూస్తే ఊరు తెలుస్తుంది. జొన్నరొట్టె తిని పెరిగిన పాలమూరు పిల్లకు ఇది ఎంత సులభంగా అందుతుందో ఊహించండి. గైడులో మాత్రం 'రొట్టె అంటే ఆశ' అని ఉంటుంది. ఎవరి రొట్టె, ఎవరికి, ఏ ధరకు అనేవే లేకుండా ఆశ ఎక్కడి నుంచి వస్తుంది?

2011లో తెలంగాణ కోసం రోడ్ల మీద పొయ్యిలు పెట్టి వంటావార్పు చేసినవాళ్లు ఈ పిల్లల తల్లిదండ్రులే. ఏటా పేర్చే బతుకమ్మ ఆ ఉద్యమంలో జెండాలా ముందు నడిచింది. రోజూ వండే అన్నమూ పండక్కి పేర్చే పూలూ ఎప్పుడు, ఎలా, ఎవరి చేతుల్లో మరో అర్థం తెచ్చుకున్నాయో ఇంటికి వెళ్లి అడిగి రమ్మని చెప్పండి. నవలలోని మూడు వేళ్ల వందనం 2014లో థాయిలాండ్‌లో సైన్యం గద్దెనెక్కినప్పుడు వీధుల్లోకి వచ్చింది, దాన్ని చూపినందుకు మనుషులను పట్టుకుపోయారు. 2021లో మయన్మార్‌లోనూ అదే చెయ్యి లేచింది. పుస్తకంలో అది మొదట పన్నెండో జిల్లా వాళ్లు చావుల దగ్గర చేసే పాత మర్యాద. కృతజ్ఞతా, గౌరవమూ, ఇష్టమైన మనిషికి వీడ్కోలూ దాని అర్థం. ఆ అర్థం తెలిస్తేనే తర్వాతి అర్థం బరువు తెలుస్తుంది.

పేర్ల గురించి ఎక్కువ చెప్పను. సీజర్, సిన్నా, సెనెకా, కొరియొలేనస్ అని క్యాపిటల్ వాళ్లకు రోమన్ పేర్లు. కాట్నిస్, ప్రిమ్‌రోజ్, రూ మూడూ మొక్కల పేర్లు. కాట్నిస్ నీటి ఒడ్డున పెరిగే దుంప, ఆకు బాణం ములికిలా ఉంటుంది. నిన్ను నువ్వు వెతుక్కోగలిగితే ఆకలితో చావవు అనే అర్థం వచ్చేలా తండ్రి ఆమెతో హాస్యమాడేవాడు. నల్లమలలో దుంపలు తవ్వుకుని, విల్లు పట్టిన చెంచు కుటుంబాల పిల్లలకు ఈ పాత్ర పరాయిది కాదు. పేర్ల వేట ఇంతటితో చాలు. అది ఎక్కువైతే క్విజ్ పోటీ అవుతుంది.

పిల్లలు పిల్లల్ని చంపుకునే కథ బడిలో ఎందుకని కొందరు తల్లిదండ్రులు అడుగుతున్నారు. వారి భయం అర్థమవుతుంది. కానీ పద్మవ్యూహంలో పదహారేళ్ల అభిమన్యుణ్ణి అంతమంది చుట్టుముట్టి చంపిన కథ మనమే వాళ్లకు చెప్పాం. ఎప్పుడూ దాచలేదు. దాన్ని విన్న పిల్లలు యుద్ధాన్ని ఇష్టపడలేదు, అభిమన్యుడి కోసం ఏడ్చారు. ఈ నవల కూడా చావును ఆటలా చూపించదు. ఆటలా చూసేవాళ్లను చూపిస్తుంది. ఫోనులో ఎవరో కొట్టుకుంటుంటే తీసిన వీడియోలు రోజూ చూస్తున్న పిల్లలకు ఆ తేడా అవసరం. ఆరో తరగతి పిల్లలకు వద్దంటే సరే, ఎనిమిది, తొమ్మిది తరగతుల వాళ్లకు మీరు పక్కన ఉండి చదివించండి.

గ్రంథాలయాల వారికి ప్రత్యేకంగా ఒక మాట. 1922లో నల్లగొండ నుంచి షబ్నవీసు వెంకట రామ నరసింహారావు గారు 'నీలగిరి' పత్రిక నడిపారు. 1926లో 'గోలకొండ పత్రిక' మొదలుపెట్టిన సురవరం ప్రతాపరెడ్డి గారు పాలమూరు మట్టిలో పుట్టినవారు. తెలుగు చదువుకోవడమే కష్టమైన నిజాం రోజుల్లో ఇక్కడ గ్రంథాలయాలు పెట్టినవాళ్లు జవాబుల కోసం పెట్టలేదు. చదివినదాన్ని తమ బతుకు పక్కన పెట్టి చూసుకోవాలని పెట్టారు. 1946లో కడవెండిలో దొడ్డి కొమరయ్య దేశ్‌ముఖ్ గూండాల కాల్పుల్లో చనిపోయే నాటికి అది నల్లగొండ జిల్లానే. వెట్టి, దొర, గడీ అనే మాటలు ఇళ్లలో ఇంకా బతికే ఉన్న నేల ఇది. అణచివేత గురించి రాసిన ఒక విదేశీ నవలను చదవడానికి ఇంతకంటే సిద్ధంగా ఉన్న పాఠకులు ఎక్కడ దొరుకుతారు?

నేను కోరేవి కొన్నే. ప్రతీకల జాబితా కాగితాలు తరగతిలో పంచడం ఆపండి. దేనికి ప్రతీక అని అడిగే ప్రశ్న తప్పనిసరైతే, 'ఎందుకని అనుకుంటున్నావు, పుస్తకంలో ఎక్కడ కనిపించింది' అనే మాటలు చేర్చి, మార్కుల్లో ఎక్కువ భాగం దానికే ఇవ్వండి. పిల్ల రాసిన జవాబు గైడులో లేకపోయినా, దానికి పుస్తకంలో ఆధారం చూపించగలిగితే కొట్టేయకండి. తెలుగు ఉపాధ్యాయులు, ఇంగ్లీషు ఉపాధ్యాయులు ఒక పీరియడ్ కలిసి తీసుకుని బకాసుర వధనూ ఈ నవల మొదటి అధ్యాయాన్నీ పక్కపక్కన చదివించండి. చేసి చూస్తే మీకే ఉత్సాహం పుడుతుంది.

నవంబరు 14 నుంచి 20 దాకా గ్రంథాలయ వారోత్సవాలు జరుగుతాయి. ప్రతి ఏడూ వ్యాసరచన, వక్తృత్వ పోటీలు పెట్టి బహుమతులు ఇచ్చి ముగిస్తున్నాం. ఈసారి ఒక పూట పోటీ లేకుండా, నలుగురు కూర్చుని ఒక అధ్యాయం గట్టిగా చదువుకుని మాట్లాడుకునే కార్యక్రమం పెట్టండి. దేవరకొండలో మేము పెడుతున్నాం. మూడు పుస్తకాల ప్రతులు మా దగ్గర ఉన్నాయి. టెసెరా లెక్క వేసిన కాగితమూ, ఆదిపర్వంలోని ఆ ఘట్టం నకలూ ఉన్నాయి. మిర్యాలగూడ నుంచైనా, అచ్చంపేట, నారాయణపేట నుంచైనా ఎవరు అడిగినా పంపిస్తాం. ప్రతులు చిరిగినా ఫరవాలేదు, చదివిన తర్వాత ఇంకో ఊరికి పంపిస్తే చాలు.

ఇట్లు,
ఒక పాఠకురాలు,
దేవరకొండ, నల్లగొండ జిల్లా